న్యాయ సలహాలు: శిబిరం పెట్టండి, విజిటింగ్ కార్డులు పంచకండి

ప్రశ్న: హన్మకొండలో నలుగురం కలిసి లా ఆఫీసు నడుపుతున్నాం. నర్సంపేట వైపు ఊళ్లల్లో ఉచిత న్యాయ శిబిరాలు పెట్టాలని ఉంది. ఆఫీసు పేరు, ఫోన్ నంబరుతో ఫ్లెక్సీలు కట్టొచ్చా? క్రికెట్ టోర్నీకి టీషర్టులు ఇస్తే దాన్ని సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) అనొచ్చా?
– ఓ అడ్వొకేట్, హన్మకొండ

జవాబు: శిబిరానికి అడ్డేమీ లేదు, చిక్కంతా ఫ్లెక్సీతోనే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది వకీలు కేసుల కోసం ప్రచారం చేసుకోవద్దంటుంది. కరపత్రాలైనా, మధ్యవర్తులైనా, చాటుమాటుగా అయినా కుదరదు. ఫీజు ఇచ్చుకోలేని వాళ్లకు శక్తిమేరకు ఉచితంగా సాయపడాలని చెప్పే 46వ నియమం కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఎవరైనా ఫిర్యాదు చేస్తే విషయం రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు వెళ్తుంది. మందలింపు నుంచి వకీళ్ల జాబితాలో (రోల్స్) పేరు కొట్టేయడం దాకా శిక్ష ఉండొచ్చు. వెబ్‌సైటుకు మాత్రం 2008 సవరణ దారి ఇచ్చింది. పేరు, చిరునామా, ఫోన్, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, చదువు, ఏ రకం కేసులు చూస్తారన్నది పెట్టుకోవచ్చు, అంతవరకే.

కాబట్టి సొంతంగా కాకుండా న్యాయ సేవాధికార సంస్థతో కలిసి పెట్టండి. తేదీ, ఊరు, చెప్పబోయే అంశాలు రాసి జిల్లా సంస్థ కార్యదర్శికి గానీ, నర్సంపేట కోర్టులోని మండల కమిటీకి గానీ లెటర్ ఇవ్వండి. బ్యానర్ సంస్థ పేరుతో కట్టించి, దాని మీద మీ నంబరు బదులు ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 రాయించండి.

శిబిరాలు చెడేది చాలాసార్లు బల్ల దగ్గరే. జనం పట్టాదారు పాస్‌బుక్కు, పాత పహాణీలు, కోర్టు నోటీసులు అసలువే తెచ్చి చేతిలో పెడతారు. చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. జిరాక్సు మాత్రమే ఉంచుకోండి. అసలు కాగితం పోయిందంటే శిబిరం పేరూ పోతుంది. రిజిస్టరులో పేరు, ఊరు, సమస్య, ఎక్కడికి పంపారన్నది రాయండి. వకాల్తా మీద సంతకం మాత్రం అక్కడ తీసుకోవద్దు, సేవ కాస్తా బేరమయ్యేది ఆ సంతకంతోనే. పాస్‌బుక్కులో తప్పులుంటే దావా దాకా పోకుండా ముందు భూభారతి చట్టం కింద రెవెన్యూ అధికారుల దగ్గర దరఖాస్తు పెట్టించండి. కోర్టుకు వెళ్లక తప్పని వాళ్లలో మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు ఎంత ఆదాయమున్నా ఉచిత వకీలుకు అర్హులే. న్యాయ సేవాధికార సంస్థ అలా నియమించిన ప్యానెల్ వకీలు కక్షిదారు దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు.

టీషర్టు మీద ఆఫీసు పేరు వేస్తే అదీ ప్రచారమే. పేరు లేకుండా బ్యాట్లు కొనిస్తే ఎవరూ కాదనరు. సీఎస్‌ఆర్ కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ మాట. అది కంపెనీలకే వర్తిస్తుంది, మీ భాగస్వామ్య ఆఫీసుకు కాదు.

ప్రశ్న: మా నర్సింగ్ హోంలో ఆయాలు, కాంట్రాక్టు స్వీపర్లతో కలిపి 23 మంది పనిచేస్తారు. లైంగిక వేధింపుల కమిటీ కోసం కన్సల్టెంటు ఒక కాగితం ఇచ్చాడు. అందులో చైర్‌పర్సన్ మా ఆవిడ, సభ్యులు మేనేజరు, అకౌంటెంటు. చాలుతుందా?
– ఓ డాక్టరు, హన్మకొండ

జవాబు: చాలదు. పనిచోట లైంగిక వేధింపుల నివారణ చట్టం ప్రకారం 10 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేస్తుంటే అంతర్గత కమిటీ తప్పనిసరి. ఆ లెక్కలో కాంట్రాక్టు వాళ్లు, ట్రైనీలు కూడా వస్తారు. అధ్యక్షురాలు మీ దగ్గర పైస్థాయిలో పనిచేసే మహిళ అయి ఉండాలి. మీ శ్రీమతి అక్కడ ఉద్యోగిగా పనిచేయకపోతే ఆ నియామకం నిలవదు, హెడ్ నర్సు సరిపోతుంది. ఆమె కాక ఉద్యోగుల్లోంచి కనీసం ఇద్దరు, బయటి నుంచి ఒకరు ఉండాలి. ఆ బయటి మనిషి మహిళల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ నుంచి వచ్చినా సరే, ఈ విషయాలు తెలిసిన వ్యక్తి అయినా సరే. మొత్తంలో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. మీ కాగితంలో బయటి సభ్యుడే లేడు. ఇలాంటి కమిటీ చేసిన విచారణ అప్పీలులో నిలవడం కష్టం. కమిటీ కాలం మూడేళ్లు మించకూడదు. గడువు తీరినా పాత పేర్లే నోటీసు బోర్డు మీద ఉండిపోవడం మరో మామూలు తప్పు.

ఫిర్యాదు ఘటన జరిగిన 3 నెలల్లో, 6 కాపీలతో రావాలి. తగిన కారణముంటే కమిటీ మరో 3 నెలలు ఇవ్వొచ్చు. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి 7 పనిదినాల్లో కాపీ పంపాలి, అతను 10 పనిదినాల్లో జవాబివ్వాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఇరువైపులా వకీళ్లకు ప్రవేశం లేదు, కాబట్టి ‘మా లాయరు వచ్చి మాట్లాడతాడు’ అనే మాట అక్కడ చెల్లదు. ఏటా నివేదిక జిల్లా అధికారికి పంపాలి. కమిటీయే లేకపోతే జరిమానా రూ.50,000 వరకు, రెండోసారి దొరికితే రెట్టింపు, లైసెన్సుకూ ముప్పే. పదిమంది, అంతకు మించి పనిచేసే లా ఆఫీసులకూ ఇదే చట్టం. పై ప్రశ్న పంపినవారూ గమనించగలరు!

ప్రశ్న: కొత్తవాడ నుంచి ఓ షోరూముకు దర్రీలు పంపి అయిదు నెలలైంది, డబ్బు రాలేదు.
– ఓ నేత యూనిట్ యజమాని, వరంగల్

జవాబు: ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉందా? సరుకు పంపడానికి ముందే నంబరు ఉంటే వాదులాట ఉండదు. సూక్ష్మ, చిన్న యూనిట్లకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల లోపు, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంక్ రేటు’కు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. అందుకే చలాన్ మీద సంతకం, తేదీ తీసుకోండి. కేసు సూక్ష్మ, చిన్న పరిశ్రమల బాకీ వివాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో వేయాలి.

ప్రశ్న: మా రైస్ మిల్లులో పని మానేసినవాళ్ల లెక్క నెలాఖరుకు తేలుస్తాం. సరిపోతుందా?
– ఓ మిల్లు యజమాని, జమ్మికుంట

జవాబు: 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, తానే మానేసినా మీరే తీసేసినా జీతం లెక్క రెండు పనిదినాల్లో ముగించాలి. గ్రాట్యుటీకి మాత్రం 30 రోజుల గడువు ఉంది.