ఐదు స్టార్లు ఇచ్చాక కనిపించిన టంకం మచ్చ

ప్రశ్న: మా తాతగారు 1911లో పుట్టారు. ఆయన గుర్తుగా ఆ ఏటి ఐదో జార్జి వెండి రూపాయిని ఆన్‌లైన్లో 9,500 రూపాయలకు కొన్నాను. ‘ఎక్స్‌ట్రా ఫైన్, ఎలాంటి డ్యామేజీ లేదు’ అని రాశారు. పార్సిల్ రాగానే సంతోషంతో ఐదు స్టార్లు ఇచ్చేశాను. రెండు రోజుల తర్వాత ఎండలో పెట్టి చూస్తే రాజు కిరీటం పైన అంచు దగ్గర టంకం మచ్చ, ఆకురాయితో గీకిన జాడ కనిపించాయి. ఎవరో గొలుసుకు వేసుకుని, కొక్కెం పీకేసిన నాణెం అది. మనసు విరిగిపోయి పూజ గదిలో పెట్టేశాను. నలభై రోజులైంది. ‘నో రిటర్న్’ అని ముందే రాసి ఉండడంతో అమ్మినవాళ్లకు ఏమీ చెప్పలేదు. మచ్చ కనపడకుండా చేసిస్తానని తెలిసిన కంసాలి అంటున్నాడు. ధర పెరిగాక అమ్మేయొచ్చని, లేదంటే అమెరికాలో ఉన్న మా బావమరిది చేతికిస్తే అక్కడ ఇంకా ఎక్కువ వస్తుందని ఆలోచన. నాణెం ఉంచుకోవాలా, వెనక్కి పంపాలా? మోసం చేసినవాడికి శిక్ష పడుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో తాతగారి గురించి ఒకటిన్నర పేజీ ఉంది. అమ్మినవాళ్లకు మీరేం రాశారన్నది ఒక్క వాక్యం కూడా లేదు, ఎందుకంటే మీరు రాయలేదు. మీ కేసు అక్కడే నిలబడుతుంది, లేదా పడిపోతుంది.

ఉంచుకోవాలా వద్దా అని మీరింకా ఆలోచిస్తున్నారు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం మాత్రం మీ ఆలోచన తెగేదాకా ఆగదు. దాని 42వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు వస్తువును అంగీకరించినట్టు మూడు విధాలుగా తేలుతుంది: అంగీకరించానని అమ్మినవాడికి తెలియజేయడం, వస్తువు తన సొంతమైనట్టు దాని మీద ఏదైనా చేయడం, వద్దని చెప్పకుండా సమంజసమైన గడువు దాటేదాకా దగ్గర పెట్టుకోవడం. మీరు ఐదు స్టార్లతో మొదటి దానికి, నలభై రోజుల మౌనంతో మూడో దానికి అవకాశమిచ్చారు. రెండో దాన్ని కంసాలి చేత పూర్తి చేయించబోతున్నారు.

స్టార్ల సంగతికి జవాబుంది. పరీక్షించుకునే అవకాశం దొరికేదాకా అంగీకరించినట్టు కాదని 41వ సెక్షన్ అంటుంది. ప్రకటనలోని ఫొటోల్లో అంచు కనపడలేదు, వచ్చిన రోజు మీరు భూతద్దం పట్టి చూడలేదు అని చెప్పవచ్చు. నలభై రోజుల మౌనానికి మాత్రం నా దగ్గర అంత మంచి జవాబు లేదు. లోపం కనపడిన రోజు రాత్రే రెండు వాక్యాల మెసేజ్ పెట్టి ఉంటే ఈ ఉత్తరం రాసే పని మీకుండేది కాదు. బాధపడుతూ కూర్చోవడం వల్ల హక్కు మిగలదండీ.

అలాగని అంతా పోలేదు. అంగీకరించినట్టే లెక్క తేలి, వెనక్కి ఇచ్చే హక్కు పోయినా, అదే చట్టం 13, 59 సెక్షన్ల కింద నష్టపరిహారం అడగొచ్చు. చెప్పిన వర్ణనకు, వచ్చిన వస్తువుకు పొంతన ఉండాలన్నది 15వ సెక్షన్ పెట్టే షరతు. ‘డ్యామేజీ లేదు’ అన్న మాటే ఇక్కడ వర్ణన. ఆ రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం, అంటే సుమారు 10.7 గ్రాములు. వెండి ధర పోగా మీరిచ్చిందంతా ఆ సంవత్సరానికి, ఆ నాణెం స్థితికి ఇచ్చిన సొమ్ము. 1911 రూపాయి మీద రాజు అంగీకి ఉన్న ఏనుగు పందిలా కనపడుతోందని గొడవ కావడంతో మరుసటి ఏడు అచ్చు మార్చారు. సేకర్తలు ఆ ఒక్క ఏడాది రూపాయి కోసం వెతికేది అందుకే. అయితే కొక్కెం అతికి తీసేసిన నాణేన్ని వాళ్లు వేరే ధరకే చూస్తారు. ఆ రెండు ధరల మధ్య తేడాయే మీ నష్టం.

‘నో రిటర్న్’ అన్న మాటకు భయపడకండి. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని విక్రేత అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఒక మెలిక ఉంది. ఆ నియమాలు నాణేల వ్యాపారం చేసేవాళ్లకే వర్తిస్తాయి, ఇంట్లో ఉన్న ఒక నాణేన్ని ఎప్పుడో అమ్ముకున్న మనిషికి కాదు. కాబట్టి ఆ విక్రేత పెట్టిన మిగతా ప్రకటనలన్నీ ఈ రోజే తీసి దాచండి. వ్యాపారి కాదని తేలితే సివిల్ కోర్టే దారి, దానికి గడువు మూడేళ్లు.

ఇంకో మాట. ‘ధర పెరిగాక అమ్మేయొచ్చు’ అని రాశారు. తిరిగి అమ్మడానికి కొన్నవాడు వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుడే కాడు. తాతగారి గుర్తుగా కొన్నది నిజమైతే ఆ నిజాన్నే ఫిర్యాదులో రాయండి, దాని పక్కన లాభం లెక్కలు వేయకండి. మీరు కొనేనాటి ఉద్దేశమే అమ్మకమైతే ఆ తలుపు మీకు తెరుచుకోదు.

ఇప్పుడు కంసాలి దగ్గరికి వెళ్లారా, ఆ మచ్చతోపాటు మీ కేసూ చెరిగిపోతుంది. ఆ మచ్చే మీ సాక్ష్యం. మెరుగు పెట్టించిన నాణేన్ని పట్టుకుని ‘ఇది పాడై వచ్చింది’ అంటే ఎవరూ నమ్మరు, పాడు చేసింది మీరేనని అవతలివాళ్లు అంటారు. ఆ తర్వాత దాన్ని మంచి నాణెమని అమ్మితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు మీ మీద పడుతుంది. మిమ్మల్ని ఏడిపించిన పనినే మీరు ఇంకొకరికి చేస్తారా?

బావమరిది సంగతి అంతకంటే ప్రమాదం. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. దాన్ని దేశం దాటించడం నేరం, కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్లు జైలు, జరిమానా. ఆ మాట ఇంట్లో మళ్లీ ఎత్తకండి.

శిక్ష అడిగారు. అమ్మేనాడే మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని రుజువు చేయాలి. అతనికీ మచ్చ తెలియకపోయి ఉండొచ్చు. ముందు డబ్బు సంగతి చూసుకోండి.

చేయాల్సింది ఇది. ప్రకటన ఇంకా ఉంటే దాని స్క్రీన్‌షాట్లు, ఆర్డరు, చెల్లింపు రసీదు, పార్సిల్ కవరు అన్నీ ఒకచోట పెట్టండి. తీసేసి ఉంటే మీకొచ్చిన ఆర్డరు మెయిల్లో వర్ణన మిగిలి ఉందేమో చూడండి. పార్సిల్ విప్పుతూ వీడియో తీయకపోవడం పెద్ద పొరపాటు, వెయ్యి దాటిన దేనికైనా ఇకమీదట తీయండి. తూకంతో, అంచు దగ్గరగా ఫొటోలు తీసి, నాణేలు తెలిసిన మనిషి చేత ‘టంకం తీసిన గుర్తు పాతది’ అని సంతకంతో రాయించుకోండి. ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే అవి ఏ ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి తీసినవో ధ్రువీకరించే పత్రం, జత చేయండి.

ఈ రాత్రికే విక్రేతకూ అమ్మకపు వేదికకూ మెయిల్, రేపు స్పీడ్ పోస్టులో నోటీసు. అందులో లోపం ఎప్పుడు కనపడిందో ఉన్నదున్నట్టు రాయండి, తేదీ మార్చకండి. నాణెం వెనక్కి తీసుకుని సొమ్మంతా ఇవ్వండి, కాదంటే ధరలో తేడా ఇవ్వండి అని రెండూ అడగండి. పదిహేను రోజుల గడువు చాలు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, ఆపైన మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, లాయరూ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ఆ రెండేళ్లు ఫిర్యాదుకే, మౌనానికి కాదు. నా అంచనాలో పూర్తి సొమ్ము రావడం కష్టం, తేడా రావడానికి మంచి అవకాశం ఉంది. అంటే నాణెం మీ దగ్గరే ఉండిపోవచ్చు.

అందుకే దాన్ని పూజ గదిలోంచి ఇప్పుడే తీసి, మెత్తని కాగితం కవరులో పెట్టి, మీద తేదీ వేసి బీరువాలో దాచండి. పండక్కి వెండి సామాను చింతపండుతో తోమేటప్పుడు ఎవరో దాన్నీ కలిపి తోమేస్తారు.