ఆర్కెస్ట్రాకి మూడు గొంతులు చాలా?

ప్రశ్న: పాత వీడియో గేమ్ శబ్దాలతో బీథోవెన్ ఐదో సింఫనీ మొదటి భాగం చేస్తున్నాను. కంప్యూటర్లో వాయిద్యాలన్నిటికీ బీప్ శబ్దాలు పెట్టాను. వింటే గేమ్ సంగీతంలా లేదు, ఒకటే గోల. తప్పెక్కడ?

జవాబు: మొదటిసారి నేనూ అచ్చం ఇదే చేశాను. స్కోరులో ఎన్ని వరసలుంటే అన్ని బీప్‌లు! రెండు నిమిషాలకే హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టాను.

అసలు ఆ పాత గేమ్ మిషన్లలో అన్ని గొంతులు లేవు. 1983లో వచ్చిన నింటెండో ఫామికామ్‌లో ఉన్నవి ఐదే ఛానెళ్లు, అంటే ఒకేసారి మోగగల గొంతులు. రెండు పల్స్ (బీప్‌లా మోగే శబ్దం), బేస్‌కి ఒక ట్రయాంగిల్ (మెత్తగా మోగే త్రికోణపు అల), డ్రమ్స్‌కి నాయిస్, చిన్న రికార్డింగ్ ముక్కలకి ఇంకొకటి. అంటే రాగం పాడగలిగేవి ముఖ్యంగా మూడు. కాబట్టి ముందు వాయిద్యాల్ని తీసేయడం నేర్చుకోవాలి.

మొదటి నాలుగు స్వరాలతో చిక్కు లేదు. తీగ వాయిద్యాలు, క్లారినెట్లు అక్కడ ఒకే వరస వాయిస్తాయి. ఒక పల్స్, దానికి కింది స్థాయిలో ట్రయాంగిల్ చాలు. పల్స్ వెడల్పు, అంటే ఒక్కో అలలో శబ్దం పైన ఉండే భాగం, 50 శాతం పెడితే క్లారినెట్ పోలిక వస్తుంది. 12.5 పెడితే సన్నగా, ముక్కుతో పాడినట్టుంటుంది.

తర్వాతే అసలు టెన్షన్. అదే ముక్కని రెండో వయొలిన్లు, వయోలాలు, మొదటి వయొలిన్లు ఒకరి తర్వాత ఒకరు అందుకుంటారు. ముందు వచ్చినవాళ్లు స్వరం వదలరు. అక్కడ ఆ పట్టిన స్వరాలన్నిటినీ ఒకే ఛానెల్లో, సెకనుకి 60 సార్లు మార్చుతూ తిప్పండి. చెవికి కార్డ్‌లా, అంటే స్వరాలన్నీ ఒకేసారి మోగినట్టు వినిపిస్తుంది, కొంచెం గరగరమంటూ. మీరు వెతుకుతున్న గేమ్ రుచి ఆ గరగరలోనే ఉంది.

ట్రయాంగిల్‌కి వాల్యూమ్ మార్చే వీలు లేదు, మోగుతుంది లేదా ఆగుతుంది. శబ్దం తగ్గాల్సిన చోట దాన్ని ఆపేయండి. టింపని (ఆర్కెస్ట్రాలోని పెద్ద డ్రమ్) కావాలంటే దాన్నే పై నుంచి కిందికి చటుక్కున జార్చి, నాయిస్ కలపండి. ఆ క్షణం బేస్ పోయినా ఎవరూ గమనించరు.

మీరు రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టు చేసే ఎఫెక్ట్) కూడా పెట్టే ఉంటారని నా అనుమానం. తీసేయండి, ఆ మిషన్‌లో అది లేదు. ప్రతిధ్వని కావాలంటే రెండో పల్స్‌లో అదే వరసని కాస్త ఆలస్యంగా, తక్కువ వాల్యూమ్‌లో వాయించండి. అప్పటివాళ్లూ అలాగే నెట్టుకొచ్చారు.