పొద్దుటి గంట: ఇంటి చదువుపై మీ ప్రశ్నలు

*మా పాపకి ఐదున్నరేళ్లు, బాబుకి మూడు. ఈ ఏడాది బడికి పంపకుండా ఇంట్లోనే చెబుతున్నాం. నాకు 10 గంటలకి ఆఫీసు లాగిన్. 8 నుంచి 10 దాకా అరగంటకో సబ్జెక్టు చొప్పున టైంటేబుల్ రాసి గోడకి అంటించాను. మొదటి వారం బాగానే నడిచింది. ఇప్పుడు పుస్తకం తీస్తేనే పాప ఏడుస్తోంది, బాబేమో పెన్సిళ్లు లాక్కుపోతున్నాడు. ఎక్కడ తేడా కొడుతోంది?*
— ఒక తల్లి, కూకట్‌పల్లి

పాపలో తేడా ఏం లేదు, టైంటేబుల్లోనే ఉంది. బడిలో పీరియడ్ అంత పొడుగ్గా ఉండేది ముప్పై మందిని కూర్చోబెట్టి, పుస్తకాలు తీయించి, అందరివీ దిద్దాలి కాబట్టి. ఒక్క పిల్లకి ఎదురుగా కూర్చుని చెప్పేటప్పుడు 15 నిమిషాలంటే నిండు పీరియడే. ఐదారేళ్ల పిల్లలు కుదురుగా ఉండగలిగేదీ దాదాపు అంతే. కాబట్టి కూర్చోబెట్టే సమయం మొత్తం కలిపి 45 నిమిషాలు దాటనివ్వకండి.

గోడ మీది గంటలు చెరిపేసి వరస ఒక్కటే ఉంచండి. టిఫిన్ ఓ ఇరవై నిమిషాలు ఆలస్యమైతే గంటల టైంటేబుల్ అక్కడే కూలిపోతుంది. వరస అయితే కాస్త ముందుకి జరుగుతుంది, అంతే. ప్లేట్లు సింకులో పడగానే క్యాలెండర్ దగ్గరికి వెళ్లండి: ఇవాళ ఏ వారం, ఎన్నో తేదీ అని పాప చదివి, నిన్నటి గడి కొట్టేస్తుంది. ఒక పద్యమో పాటో చెప్పించండి, పది రోజులూ అదే. దీనికి ఐదు నిమిషాలు. తర్వాత తెలుగు 15 నిమిషాలు. ఆపైన మేడ మీద 10 నిమిషాలు గెంతులు, మొక్కలకి నీళ్లు. కిందికొచ్చాక లెక్కలు 15, చివర్లో ఇద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టుకుని కథ చదవడం 15. 8:10కి మొదలుపెడితే, కింద చెప్పబోయే బాబు ఐదు నిమిషాలూ కలిపి 9:15కి అయిపోతుంది. మిగిలిన ముప్పావుగంట ఖాళీగా ఉంది కదా అని ఇంగ్లిషుతో నింపకండి. అది మీ స్నానానికీ, వంటింటి పనికీ, పిల్లల ఆటకీ. ఇంగ్లిషు సాయంత్రం బొమ్మల పుస్తకంతో చూసుకోవచ్చు.

బాబు సంగతి. చాలామంది పెద్దపిల్లకి చెప్పుకోవడానికి చిన్నవాడికి ఫోన్ ఇస్తారు. రెండు నిమిషాల్లో పెద్దపిల్ల కళ్లు కూడా ఫోన్ మీదే ఉంటాయి. దానికి బదులు తెలుగు మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు పూర్తిగా వాడికే ఇవ్వండి: ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక బొమ్మల పుస్తకం. తర్వాత వాడి డబ్బా వాడికివ్వండి. మూడు డబ్బాలు పెట్టుకుని రోజుకొకటే బయటికి తీయండి: ఒకదాంట్లో సీసా మూతలు, గిన్నెలు, ఇంకోదాంట్లో చపాతీ పిండి ముద్ద, మూడోదాంట్లో బట్టల క్లిప్పులు, ఒక అట్టముక్క. రోజూ మూడూ ముందు పెడితే వారానికే మొహం మొత్తుతుంది. చింతపిక్కలు మాత్రం వాడి చేతికి అందనీయకండి. మూడేళ్లవాళ్లు ముక్కులోనో నోట్లోనో పెట్టుకుంటారు.

ఇక తెలుగు. అ ఆ ఇ ఈ వరసలోనే మొదలుపెట్టాలన్న నియమం ఏమీ లేదు. ఆ దారిలో వెళ్తే ఋ, ఙ, ఞ లాంటివి కూడా నేర్చేసినా పాపకి ఒక్క పదం చదవడం రాదు. ప, ల, క, డ నాలుగూ నేర్పి చూడండి: పలక, కలప, పడక, కడప. మొదటి వారంలోనే ఒక ఊరి పేరు చదివేసింది! రెండో వారం గ, త, న, వ కలపండి: గడప, పడవ, నడక, తలగడ. ఇలా వారానికి నాలుగు అక్షరాలు. పదహారు దాకా వచ్చాక దీర్ఘం: పాప, తాత, వాన. తర్వాత గుడి, కొమ్ము, వారానికొకటి. ఒత్తుల జోలికి ఇప్పుడే పోకండి.

గుణింతం పాడించడంలో ఒక మోసం ఉంది. క కా కి కీ అని గడగడా చెప్పే పిల్లకి ‘కు’ ఒక్కటే రాసి చూపించండి. మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగితే పాట వచ్చినట్టు, చదవడం ఇంకా రానట్టు. అక్షరాల చీటీలు కలిపేసి అడుగుతూ ఉంటే ఇది పోతుంది. ప, వ తడబాటు కూడా తప్పకుండా వస్తుంది. ‘ప’కి తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’కి అతుక్కుని ఉంటుంది. అది వేలితో చూపించండి, ‘మళ్లీ చూడు’ అని వదిలేయకండి.

లెక్కలకి కాగితం కన్నా పుల్లలు మేలు. ఐస్‌క్రీం పుల్లలు 50, రబ్బరు బ్యాండ్లు ఐదు. పది కాగానే కట్ట కట్టడం పాప పనే. ఒక కట్ట, మూడు విడి పుల్లలు చూపిస్తే పదమూడు. మన లెక్కలో పది ముందే వినిపిస్తుంది గనక 13ని 31 అని రాసే తికమక తక్కువ. పాప కట్ట విప్పి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడితే విసుక్కోకండి. పది అంటే పదే అన్న నమ్మకం ఇంకా కుదరలేదని అర్థం. ఇంకో వారం పదిలోపే ఉండండి. శుక్రవారం పుల్లలు పక్కనబెట్టి అష్టాచమ్మా ఆడండి, గవ్వలు వేసి గడులు కదపడం కూడికే.

ఇంకో చిన్నమాట: ‘చదువుకుందామా?’ అని అడగకండి. అడిగితే ‘వద్దు’ అనే హక్కు ఇచ్చినట్టే. ‘క్యాలెండర్ కొట్టేద్దాం రా’ అనండి. చుట్టాలొచ్చినా జ్వరమొచ్చినా క్యాలెండరూ కథా రెండే చేసి మిగతావి మానేయండి. పూర్తిగా ఆపిన వరసని మళ్లీ పట్టాలెక్కించడం కష్టం.

*మా అత్తగారు పలక మీద రోజూ వందసార్లు దిద్దించమంటారు. ఐదేళ్ల మనవడు పది దాటగానే చెయ్యి నొప్పంటాడు. నిజంగా నొప్పా, వంకా?*
— ఒక కోడలు, ఖమ్మం

నొప్పి నిజమే. ఆ వయసుకి వేళ్ల కండరాలు ఇంకా గట్టిపడవు. వందసార్లు దిద్దితే జరిగేదేమిటంటే, ఇరవయ్యో అక్షరం నుంచి తప్పుగా తిప్పడం అలవాటవుతుంది. అయితే మీ అత్తగారి మాటలో సగం మంచిదే: పెన్సిల్ కన్నా పలకా బలపమే ముందు. అంతకన్నా ముందు రవ్వ. అంచున్న పళ్లెంలో బొంబాయి రవ్వ అర గ్లాసు పలుచగా పరిచి చూపుడువేలితో రాయించండి. పిండి అయితే వేలికి అంటుకుంటుంది, బియ్యం అయితే గీత సరిగా పడదు. పని కాగానే మూత డబ్బాలో పోసేయండి, లేకపోతే చీమలు.

తర్వాత పలక మీద ఒక అక్షరం ఐదుసార్లు, చాలు. ఐదింటిలో ఏది బాగుందో వాణ్నే సున్న చుట్టమనండి. అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో పక్కన కూర్చుని చూడాలి. రాసేశాక చూస్తే ఆకారం తెలుస్తుంది గానీ చెయ్యి తిరిగిన దారి తెలియదు. వంద లెక్కబెట్టే పని అత్తగారికి తప్పించి, పక్కన కూర్చుని ఆ దారి చూసే పని అప్పగించండి.

*అబ్బాయికి ఏడేళ్లు. రెండేళ్లు ఇంట్లో చెప్పి మూడో తరగతికి బడిలో వేస్తే చేర్చుకుంటారా? చట్టం ఏమంటుంది?*
— ఒక తండ్రి, రాజమహేంద్రవరం

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలది. అందులో ఇంటి చదువు ప్రస్తావనే లేదు. పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ అంటుంది, చేర్పించనివారికి ఆ చట్టంలో జరిమానా మాత్రం పెట్టలేదు. బడి మొహం చూడని పిల్లల్ని వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలని 4వ సెక్షన్, ప్రవేశానికి వడపోత పరీక్షలు పెట్టకూడదని 13వ సెక్షన్ చెబుతాయి. అయినా కొన్ని ప్రైవేటు బడులు పరీక్ష పెడతాయి. జనన ధ్రువపత్రం, నెలకో నాలుగు రాత పేజీలు ఫైల్లో ఉంచుకోండి. చేతిలో కాగితం కావాలనుకుంటే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్‌లో ‘ఎ’ స్థాయి మూడో తరగతికి, ‘బి’ ఐదుకి, ‘సి’ ఎనిమిదికి సమానం. బడి పుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు ఉచితంగానే దొరుకుతాయి. మూడో తరగతికి పంపే ఆలోచన ఉంటే రెండో తరగతివి ఇంట్లో ఉండాలి.

*డాలస్‌లో ఉంటాం. ఏడేళ్ల పాపకి ఇంట్లోనే చెబుతున్నాం. ఉదయం అంతా ఇంగ్లిషు, లెక్కలు. తెలుగు సాయంత్రానికి పెట్టుకుంటే ఎప్పుడూ ఎగిరిపోతుంది.*
— ఒక తల్లి, టెక్సస్

ఎగిరిపోకుండా ఉండాలంటే ఉదయం మొట్టమొదటిది అదే కావాలి, పది నిమిషాలే అయినా. టెక్సస్‌లో మీకు ఆ వెసులుబాటు ఉంది. 1994లో అక్కడి సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇంటి చదువుని ప్రైవేటు బడితో సమానంగా చూసింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం ఉంటే చాలు, ఏ గంటకి ఏది అన్నది మీ ఇష్టం.

వేసవిలో మీ ఉదయం 8 అంటే ఇక్కడ సాయంత్రం 6:30, శీతాకాలంలో 7:30. అమ్మమ్మకి వీడియో కాల్‌కి సరైన వేళే. ఒకే పుస్తకం రెండు ప్రతులు కొని ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ ఉంచండి. అమ్మమ్మ ఒక వాక్యం చదువుతుంది, అదే వాక్యం కింద పాప వేలు నడుస్తుంది, తర్వాత వాక్యం పాపది. ఒక పేజీ కాగానే ఆపేయండి. ‘ఇదేం అక్షరం, అదేం అక్షరం’ అని ప్రశ్నలు వేయొద్దని అమ్మమ్మకి ముందే చెప్పి ఉంచండి. వేస్తే రెండో వారానికి పాప కాల్‌కే రాదు.