అంబ్రి ఆపిల్‌ను చింతపల్లిలో పెంచవచ్చా?

ప్రశ్న: మొన్న అక్టోబరులో కశ్మీర్ వెళ్లినప్పుడు షోపియాన్‌లో అంబ్రి అనే పాత రకం ఆపిల్ తిన్నాం. ఆ వాసన, తీపి ఇంకా మర్చిపోలేదు. తెచ్చుకున్న పళ్ల గింజలు దాచాను. మా దగ్గర కూడా గట్టి చలి ఉంటుంది కదా, అర ఎకరంలో వేయవచ్చా?
– ఒక రైతు, చింతపల్లి మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: మీరు తిన్నది కశ్మీరీలు తమ సొంతమని చెప్పుకునే ఆపిల్. డెలీషియస్ రకాలు బయటి నుంచి రాకముందు అక్కడి తోటల్లో దానిదే రాజ్యం. కొంచెం కోలగా, ఎర్రటి చారలతో ఉంటుంది. కండ తెల్లగా, కరకరలాడుతూ తియ్యగా ఉంటుంది. సెప్టెంబరు చివర, అక్టోబరులో కోతకు వస్తుంది. నిల్వలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. నేను ఒకసారి జనవరిలో అక్కడి రైతు ఇంట్లో గడ్డిలో దాచిన అంబ్రి తిన్నాను. తలుపు తీయగానే గదంతా ఘుమఘుమలాడింది, పండు కొరికితే అప్పుడే కోసినట్టుంది. ఇంత మంచి రకం ఎందుకు తగ్గిపోయిందంటే, కాపుకు రావడానికి చాలా ఏళ్లు పడుతుంది, పైగా మన మామిడిలాగే ఒక ఏడు విరగకాసి మరో ఏడు ముఖం చాటేస్తుంది. అందుకే శ్రీనగర్ దగ్గరి షాలిమార్ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు దీన్ని రెడ్ డెలీషియస్‌తో కలిపి లాల్ అంబ్రి, గోల్డెన్ డెలీషియస్‌తో కలిపి సునెహరి తయారుచేశారు.

ఇక మీ పొలం సంగతి. అర ఎకరంలో అంబ్రి వేయొద్దు. లంబసింగిలో తెల్లవారుజామున 5 డిగ్రీల లోపుకు పడిపోయే రోజులున్నాయి, నిజమే. కానీ చెట్టు లెక్క వేరు. ఏ రోజు ఎంత తక్కువకు పడిందన్నది కాదు, చలికాలం మొత్తంలో 7 డిగ్రీల లోపు ఎన్ని గంటలు గడిచాయన్నదే దానికి ముఖ్యం. కశ్మీర్ రకాలకు ఇలా 1,000 గంటలు దాటాలి. మీ దగ్గర పొద్దెక్కి మంచు విడిపోయాక ఎండ కాస్తుంది. రాత్రి కూడిన చలిలో కొంత ఆ పగటి వేడికే పోతుంది. చలి చాలని చెట్టును చూస్తే ఇట్టే తెలిసిపోతుంది: కొమ్మ చివర గుత్తిగా నాలుగు ఆకులు, కింద మూరెడు బోసి కొమ్మ, నిద్ర లేవని మొగ్గలు. బతికే ఉంటుంది, కాయదు.

ఆపిల్ మీద మనసుంటే తక్కువ చలితో కాసే ‘అన్నా’ అనే రకం (సుమారు 300 గంటలు చాలు), దానికి పరపరాగ సంపర్కం కోసం, అంటే పుప్పొడి అందించడానికి, డార్సెట్ గోల్డెన్ రకం కలిపి వేయండి. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తయారుచేసిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 కూడా ఉంది. అంటు మొక్కలు డిసెంబరు, జనవరిలో నాటాలి. నీరు నిలవని వాలు చూసుకోండి. ముందు పది, పదిహేను మొక్కలే. మూడేళ్లు పూత, పిందె చూశాక మిగతాది ఆలోచిద్దాం. అప్పటిదాకా కాఫీ, మిరియాలు తీసేయకండి.

మీ గింజలు మొలుస్తాయి. తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో రెండు, మూడు నెలలు ఉంచి తర్వాత కుండీలో వేయండి. అయితే ఆపిల్‌లో వేరే రకం చెట్టు పుప్పొడితోనే కాయ కడుతుంది, కాబట్టి వచ్చే మొక్క అంబ్రి కాదు. అంబ్రి కావాలంటే అంటు కట్టినదే కావాలి.