చెక్కకు స్టెయినా, పెయింటా?

ప్రశ్న: కొత్తగా టేకు సింహద్వారం చేయించాం. లోపల అల్మారా తలుపులు ఎండీఎఫ్‌తో చేసినవి. అన్నింటికీ ఒకే రంగు స్టెయిన్ వేయించాలనుకుంటున్నాం. పెయింట్ అయితేనే ఎక్కువకాలం నిలుస్తుందని పెయింటర్ అంటున్నాడు. ఏది మేలు?

జవాబు: అన్నింటికీ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కు వస్తుంది. స్టెయిన్ చెక్కలోకి ఇంకి, దాని చారలను పైకి తెస్తుంది. ఎండీఎఫ్ అంటే చెక్క పీచును జిగురుతో కలిపి అదిమిన పలక. అందులో చారలే ఉండవు కనుక స్టెయిన్ పూస్తే మరకలా కనిపిస్తుంది. అల్మారాలకు పెయింటే వేయించండి. ఎండీఎఫ్ కోసిన అంచులు తడిని బాగా పీల్చి ఉబ్బుతాయి. అందుకని అంచులకు నీళ్లతో కలిపేది కాకుండా థిన్నర్‌తో కలిపే ప్రైమర్ రెండుసార్లు వేసి, ఆరాక 220 నంబరు శాండ్‌పేపర్ (గరుకు కాగితం) పట్టాలి.

టేకును పెయింట్ కింద దాచేయడం మాకైతే మనసొప్పదు. అయినా మీ పెయింటర్ మాట తీసేయదగ్గది కాదు. చిక్కటి పెయింట్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను చెక్క దాకా పోనివ్వదు. స్టెయిన్ మీద వేసే పారదర్శకమైన వార్నిష్ గుండా అవి లోపలికి వెళ్లి చెక్క పైపొరను దెబ్బతీస్తాయి. పట్టు పోయి వార్నిష్ పొలుసులుగా లేస్తుంది. తలుపుకు పైన చూరు నీడ ఉంటే స్టెయినే వేయించండి. పొద్దస్తమానం ఎండ, జడివాన తగిలేచోట అయితే ఏడాది రెండేళ్లకోసారి మళ్లీ వార్నిష్ వేసే ఓపిక ఉందో లేదో చూసుకోండి.

స్టెయిన్ రంగు మాత్రమే ఇస్తుంది, కాపాడే పని పైన వేసే వార్నిష్‌ది. ఆరుబయట వాడే రకం మూడు కోటింగులు వేయించండి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కనుక పూతకు ముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి. లేకపోతే వార్నిష్ త్వరగా ఆరదు, పట్టదు. తలుపు పై అంచు, కింది అంచు తప్పకుండా పూయించండి. ఎవరి కంటికీ ఆనవని వదిలేస్తుంటారు గానీ తడి ఎక్కేది అక్కడి నుంచే. బిగించాక కింది అంచుకు బ్రష్ అందదు కాబట్టి ముందే పూయాలి.

ప్రశ్న: పైన్ బల్లకు మేమే స్టెయిన్ వేశాం. కొన్నిచోట్ల ముదురుగా, కొన్నిచోట్ల లేతగా వచ్చింది. జిగురు కారినచోట తెల్లగా ఉండిపోయింది. ఇంకా వార్నిష్ వేయలేదు. సరిచేయవచ్చా?

జవాబు: చేయవచ్చు. పైన్‌లో మెత్తని భాగం రంగును ఎక్కువగా పీలుస్తుంది, గట్టి భాగం పీల్చదు. జిగురు ఉన్నచోట అసలు ఇంకదు. ముందు ఆ జిగురు గీకేయండి. తర్వాత 80, 120, 180 నంబర్ల పేపర్లను వరసగా చార వెంటే పట్టి పాత రంగు తీసేయండి. అడ్డంగా రుద్దితే ప్రతి గీతలోనూ రంగు చేరి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 180 దగ్గర ఆపేయాలి. ఇంకా నునుపు చేస్తే చెక్క రంగు తాగదు. అడ్డకోత కనిపించే చివరలు మాత్రం ఎక్కువ తాగుతాయి, వాటికి 220 దాకా వెళ్లండి.

స్టెయిన్‌కు ముందు పలుచని లక్క పూత ఒకటి వేస్తే రంగు సమంగా పడుతుంది. మైనం తీసిన లక్క 60 నుంచి 120 గ్రాములు, లీటరు స్పిరిట్‌కు సరిపోతుంది. ఎంత చిక్కనైతే రంగు అంత లేతగా వస్తుంది కాబట్టి పనికిరాని ముక్క మీద చూసుకోండి. అది ఆరాక స్టెయిన్ పూసి, అయిదు పది నిమిషాలకు మిగిలింది తుడిచేయాలి. ఇంకని స్టెయిన్ పైనే ఉండిపోతే జిడ్డుగా మారి వార్నిష్‌ను పట్టనివ్వదు.

నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకోవచ్చు. బయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

ప్రశ్న: పాత పెయింట్ మీద స్టెయిన్ వేయవచ్చా?

జవాబు: కుదరదు. పెయింట్ పొర మీద స్టెయిన్‌కు ఇంకే దారి లేదు, ఒట్టి చెక్క కనిపించేదాకా తీయాల్సిందే. స్టెయిన్ మీద పెయింట్ మాత్రం వేయవచ్చు. 180 పేపర్‌తో మెరుపు పోగొట్టి, మరక అడ్డుకునే ప్రైమర్ వేసి పెయింట్ చేయాలి. ఆ ప్రైమర్ లేకపోతే లేత రంగులో కింది గోధుమరంగు పైకి ఊరుతుంది. చాలా పాత పెయింట్‌లో సీసం ఉండే వీలుంది కాబట్టి దాన్ని పొడిగా గీకవద్దు. తడిపి తీయండి, ఆ సమయంలో పిల్లల్ని దూరంగా ఉంచండి.