పాఠకుల ప్రశ్నలు – జవాబులు: లాగే తాళ్లు, బిగించే బెల్టులు, వాటి జర్మన్ పేర్లు

ప్రశ్న: నేను విశాఖపట్నంలో జర్మన్ నేర్చుకుని, ఇప్పుడు రాయగడలో ఇంటి నుంచే అనువాదాలు చేస్తున్నాను. లారీలకు, ట్రాక్టర్లకు కావలసిన లాగుడు సామాను, సరుకు బిగించే బెల్టులు తయారుచేసే సంస్థ ఒకటి తన ఇంగ్లీషు కేటలాగును జర్మన్‌లోకి మార్చమని ఇచ్చింది. ‘టోయింగ్’ అన్న ఒక్క మాటకే నిఘంటువులో మూడు క్రియలు కనిపిస్తున్నాయి. ‘స్ట్రాప్’, ‘స్లింగ్’, ‘బెల్ట్’ మూడింటికీ ‘గుర్ట్’ అని రాస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: సరిపోదు. ముందుగా టోయింగ్ సంగతి చూద్దాం. సాలూరు నుంచి కొరాపుట్ వెళ్లే దారిలో సుంకి ఘాటు మీద లారీ మొరాయిస్తే, క్లీనర్ వెనక చక్రం కింద రాయి పెట్టి, మరో లారీకి ఇనప తాడు కట్టి పైకి లాగిస్తాడు. అదే దారిలో ట్రాక్టరు తన ట్రాలీని లాక్కుంటూ పోతుంది. ఇంగ్లీషులో రెండూ టోయింగే. జర్మన్‌లో మాత్రం చెడిపోయిన బండిని తాడుతోనో కడ్డీతోనో లాక్కుపోవడం ‘అబ్‌ష్లెప్పెన్’, ట్రాలీని లాగడం ‘త్సీయెన్’. మోటారు వాహనంగా తయారైన బండిని, అది చెడిపోయిందన్న అవసరమేమీ లేకుండా, ట్రెయిలర్‌లా కట్టి నడిపించడం ‘ష్లెప్పెన్’. ఈ మూడోది ఆ దేశపు వాహన నిబంధనల 33వ సెక్షన్ కిందికి వస్తుంది, దానికి అధికారుల అనుమతి కావాలి. అందుచేత చెడిపోయిన బండికి కట్టే తాడు ‘అబ్‌ష్లెప్‌జైల్’ అవుతుంది. తొందరలో ‘అబ్’ తీసేస్తే వాడుక పట్టు తప్పుతుంది.

మీ కేటలాగులో ‘టో బార్’ అని ఉన్నచోట బొమ్మ చూడకుండా కలం కదపవద్దు. బ్రిటిష్ వాడుకలో అది కారు వెనక శాశ్వతంగా బిగించి ఉండే, గుండు ఉన్న కొక్కెం. దాన్ని జర్మన్లు ‘ఆన్‌హెంగర్‌కుప్లుంగ్’ అంటారు. చెడిపోయిన లారీకీ లాగే లారీకీ మధ్య పెట్టే ఇనప కడ్డీని కూడా ఇంగ్లీషు ‘టో బార్’ అనే అంటుంది, అది ‘అబ్‌ష్లెప్‌ష్టాంగె’. తాడు పెట్టినా కడ్డీ పెట్టినా రెండు బండ్ల మధ్య ఎడం 5 మీటర్లు దాటకూడదని, ఆ తాడో కడ్డీయో అందరికీ కనబడేలా ఎర్రగుడ్డ వంటిది కట్టాలని జర్మన్ నిబంధన చెబుతుంది. మన లారీలవాళ్లు బయటికి పొడుచుకొచ్చిన ఇనప చువ్వలకు కట్టే ఎర్రగుడ్డే అక్కడ చట్టంలోకి ఎక్కిందన్నమాట. వాడే పద్ధతి వివరించే పేజీ మీ కేటలాగులో ఉంటే ఈ కొలత అందులో ఉందో లేదో సంస్థను అడగడం మంచిది.

లాగే శక్తి అంకెల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. బండి లాగగల ట్రెయిలర్ మొత్తం బరువు ‘ఆన్‌హెంగెలాస్ట్’. ట్రెయిలర్ ముక్కు కొక్కెం మీద కిందికి మోపే బరువు ‘ష్టూట్స్‌లాస్ట్’. మొదటిది వేలల్లో ఉండే కారుకు రెండోది పదుల కిలోల్లోనే ఉంటుంది కాబట్టి రెంటినీ ఒకే మాటతో సరిపెడితే కొన్నవాడు బండి నడుం విరగ్గొట్టుకుంటాడు.

ఇక బెల్టులు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది కనుక కొంచెం విస్తరించి చెబుతాను. సరుకుల యార్డులో మన కూలీలకు లారీ మీద సరుకును బిగించేదీ బెల్టే, క్రేను కొక్కేనికి తగిలించి సరుకును పైకి ఎత్తేదీ బెల్టే. చూడడానికి రెండూ పాలియెస్టర్ పట్టీలే. కానీ మొదటిది జర్మన్‌లో ‘త్సుర్‌గుర్ట్’, ఇది ఈ.ఎన్. 12195 అనే ఐరోపా ప్రమాణంలోని రెండో భాగం కిందికి వస్తుంది. రెండోది ‘హెబెబాంట్’, దాని ప్రమాణం ఈ.ఎన్. 1492, మొదటి భాగం. గుండ్రంగా, తొడుగు లోపల దారపు పోగులతో ఉండే స్లింగు ‘రుంట్‌ష్లింగె’, అదే ప్రమాణంలో రెండో భాగం. ఎత్తే బెల్టు తన మీద రాసిన బరువుకు 7 రెట్లు తట్టుకునేలా తయారు కావాలి. బిగించే బెల్టుకు అంత వెసులుబాటు ఉండదు. అందుకే దాని చీటీ మీద ‘ఎత్తడానికి వాడరాదు’ అన్న హెచ్చరిక ఉంటుంది. మీరు ‘స్లింగ్’ను ‘త్సుర్‌గుర్ట్’ అని రాస్తే సరుకు అమ్ముడుపోదు, అంతే. ‘లాషింగ్ స్ట్రాప్’ను ‘హెబెబాంట్’ అని రాస్తే మాత్రం ఎవరో ఒకరు దాన్ని క్రేనుకు తగిలిస్తారు.

చీటీని దగ్గరగా చూడండి. బిగించే బెల్టు చీటీ మీద ఎల్.సి. (లాషింగ్ కెపాసిటీ, అంటే బిగించే సామర్థ్యం) అని, పక్కన 2500 డెకాన్యూటన్ అని ఉందనుకోండి. ఒక డెకాన్యూటన్ దాదాపు ఒక కిలో బరువుకు సమానమే, అయినా దాన్ని ‘రెండున్నర టన్నుల ట్రాగ్‌ఫెహిగ్‌కైట్’ అని మార్చకూడదు, ఎందుకంటే ఆ మాట ఎత్తే సామర్థ్యానికి చెందినది. ఇక్కడ ‘త్సుర్‌క్రాఫ్ట్’ అనాలి. ఎస్.హెచ్.ఎఫ్. 50 అంటే బెల్టును బిగించే పళ్లచక్రపు మీట (రాచెట్) పిడి మీద చేయి పెట్టే బలం, ఎస్.టి.ఎఫ్. అంటే ఆ బలంతో బెల్టులో మిగిలే బిగువు. ఈ పొడి అక్షరాలు ఐరోపా అంతటా ఒకటే, వాటిని అనువదించకుండా అలాగే ఉంచండి. ఎత్తే బెల్టుల రంగులు కూడా ప్రమాణం చెప్పినవే: ఊదా ఒక టన్ను, ఆకుపచ్చ 2 టన్నులు, పసుపు 3 టన్నులు. కేటలాగులో పసుపు బెల్టు పక్కన 2 టన్నులు అని కనిపిస్తే అది అచ్చు తప్పో కాదో సంస్థనే అడగండి.

నా సలహా ఒకటే. నిఘంటువు కన్నా ముందు ప్రమాణం సంఖ్య చూడండి. ఆ ప్రమాణపు జర్మన్ ప్రతి శీర్షికలోనే వస్తువు పేరు ఉంటుంది. కొనేవాడు వెతికేది ఆ పేరునే. సమాసాలు పొడవుగా ఉన్నాయని జంకవలసిన పని లేదు. మన ‘నీళ్లబిందె’లో లాగా అసలు వస్తువు చివరనే ఉంటుంది.

ప్రశ్న: నట్టు బోల్టుల జాబితాలో ‘బోల్ట్’ అన్న ప్రతిచోటా ‘బోల్ట్సెన్’ అని రాసి పంపితే, కొనుగోలుదారు మొత్తం తిప్పి పంపాడు. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: జర్మన్‌లో బయటివైపు మరలు ఉన్నది సాధారణంగా ‘ష్రౌబె’. ఇంగ్లీషు బోల్టుకూ స్క్రూకూ పెట్టే తేడా అక్కడ పేరులో ఉండదు, వివరణలో ఉంటుంది. ఐ.ఎస్.ఓ. 4014 బోల్టు అంటే కొంతమేర మరలు లేని కాండం ఉన్న ఆరు పలకల ష్రౌబె, ఐ.ఎస్.ఓ. 4017 స్క్రూ అంటే తల దాకా మరలు ఉన్నది. ‘బోల్ట్సెన్’ అంటే ప్రధానంగా మరలు లేని కడ్డీ, మన మెకానిక్కులు పిన్ను అనేది. ట్రాలీ కొక్కెంలో దూర్చేది బోల్ట్సెన్, దాని చివర రంధ్రంలో దూర్చి కాళ్లు విడదీసి వంచేది ‘ష్ప్లింట్’.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. అమెరికన్లు ఆ రెండు కాళ్ల తీగనే కాటర్ పిన్ అంటారు. జయపురం సైకిలు షాపులో కాటర్ పిన్ అడిగితే పెడలు చేతిని ఇరుసుకు బిగించే చీల చేతికిస్తారు. దాన్ని జర్మన్లు ‘కైల్’ అంటారు. కింగ్ పిన్ కూడా అలాంటిదే. లారీ ముందు చక్రం తిరిగే పిన్ను ‘ఆక్స్‌షెంకెల్‌బోల్ట్సెన్’, ట్రెయిలర్ అడుగున ఉండి, దాన్ని లాగే ముందు లారీలో కూర్చునే పిన్ను ‘క్యోనిగ్స్‌త్సాప్‌ఫెన్’. నట్టుకు జర్మన్ మాట ‘ముట్టర్’, అమ్మకూ అదే మాట. బహువచనంలో మాత్రం నట్లు ‘ముట్టర్న్’, అమ్మలు ‘ముట్టర్’లోని ఉకారం మీద రెండు చుక్కలు పెట్టిన రూపం. కంప్యూటర్ తనంతట తాను దిద్దేటప్పుడు ఈ ఒక్కటీ కనిపెట్టి ఉండండి.

ప్రశ్న: అంకెలను కూడా మార్చాలా? అంగుళాలను మిల్లీమీటర్లు చేయవచ్చా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: అంకెల మధ్య గుర్తులను తప్పక మార్చాలి. మనం 2,500 కిలోలు అని కామా పెట్టి రాసేది జర్మన్ కంటికి రెండున్నర కిలోలు. అక్కడ వేలకు చుక్క, దశాంశానికి కామా. అంగుళాలను మాత్రం సొంతంగా మార్చవద్దు. ఐరోపా కొక్కెం గుండు 50 మిల్లీమీటర్లు, అమెరికా వారి 2 అంగుళాల గుండు 50.8 మిల్లీమీటర్లు, రెండూ వేరు వేరు వస్తువులు, ఒకదాని కోసం చేసిన కప్పులో రెండోదాన్ని పెట్టకూడదు. కేటలాగులో 2 అంగుళాలని ఉంటే అలాగే ఉంచి, పక్కన 50.8 అని రాయండి, చుక్క బదులు కామాతో.