కీవర్డ్‌తో వెతకాలా, సబ్జెక్ట్ హెడింగ్‌తో వెతకాలా?

లైబ్రరీ డేటాబేస్‌లలో వెతికినప్పుడు ఒకసారి వేలకొద్దీ వ్యాసాలు వస్తున్నాయనీ, మాట కాస్త మారిస్తే ఏమీ రావడం లేదనీ రాశారు. కీవర్డ్ అంటే మనం సొంతంగా టైప్ చేసే మాట, సబ్జెక్ట్ హెడింగ్ అంటే ఒక విషయం మీది వ్యాసాలకు డేటాబేస్ తగిలించే ఒకే పేరు; ఈ రెండింటిలో ఏది మేలని అడిగారు. నా అనుభవంలో రెండూ కావాలి, అయితే కీవర్డ్‌తో మొదలుపెట్టి హెడింగ్ దగ్గరికి వెళ్లడమే సులువు.

పరిశోధనలో చేరిన కొత్తలో, యుక్తవయసు పిల్లల నిద్రకూ స్మార్ట్‌ఫోన్‌కూ ఉన్న సంబంధం గురించి వైద్య పరిశోధన వ్యాసాల డేటాబేస్ అయిన పబ్‌మెడ్‌లో వెతికాను. 'టీనేజర్స్' అన్న మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, దాదాపు వారం రోజులు అవే కొద్దిపాటి వ్యాసాల చుట్టూ తిరిగాను. అలా గుర్తులు పెడితే, మనం టైప్ చేసిన మాటకు సరిపోయే హెడింగ్‌ను పబ్‌మెడ్ తనంతట తాను జతచేసే ఏర్పాటు ఆగిపోతుందని అప్పటికి నాకు తెలియదు. చివరికి పనికొచ్చిన ఒక వ్యాసం తెరిచి, సారాంశం కింద ఉన్న 'మెష్' పదాల (పబ్‌మెడ్‌లో వాడే సబ్జెక్ట్ హెడింగ్‌ల) జాబితా చూస్తే అందులో 'అడోలసెంట్' అని ఉంది. రచయితలు టీన్స్ అన్నా, యూత్ అన్నా, హైస్కూల్ విద్యార్థులన్నా, ఆ వయసువారి మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ ఒకచోటికి చేర్చేది ఆ హెడింగే.

అలాగని హెడింగ్‌నే నమ్ముకోకూడదు. కొత్తగా వచ్చిన వ్యాసాలకు మెష్ పదాలు ఇంకా తగిలించి ఉండకపోవచ్చు, కొన్నిటికి ఎప్పటికీ తగిలించరు. అందుకే నేను హెడింగ్‌నూ, దాని సమానార్థక పదాలనూ 'ఆర్'తో (వాటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలని) కలిపి ఒక బ్రాకెట్‌లో, నిద్రకు సంబంధించిన మాటలను మరో బ్రాకెట్‌లో, ఫోన్‌కు సంబంధించినవి ఇంకో బ్రాకెట్‌లో పెట్టి, మూడింటినీ 'యాండ్'తో (మూడూ ఉండాలని) కలుపుతాను. 'టీన్' తర్వాత నక్షత్రం గుర్తు పెడితే టీన్స్, టీనేజ్, టీనేజర్ అన్నీ వస్తాయి. పబ్‌మెడ్‌లో ఆ గుర్తుకు ముందు కనీసం 4 అక్షరాలు ఉండాలి.

'నాట్' జోలికి మాత్రం నేను పోను. ఒకసారి పెద్దవారి మీద అధ్యయనాలు వద్దని దాన్ని వాడితే, పిల్లలతోపాటు తల్లిదండ్రులనూ పరిశీలించిన మంచి వ్యాసాలు కూడా కొట్టుకుపోయాయి.

ఇదే ప్రశ్నను విద్యారంగానికి చెందిన ఎరిక్‌లో వెతకాలంటే మెష్ పదాలను అలాగే దించకండి. దానికి సొంత థెసారస్, అంటే హెడింగ్‌ల జాబితా, ఉంది, అందులో ఇదే పదం బహువచనంలో 'అడోలసెంట్స్' అని ఉంటుంది. డేటాబేస్ మారినప్పుడల్లా దాని థెసారస్ తెరిచి, పదాలు సరిచూసుకున్నాకే నేను వెతకడం మొదలుపెడతాను.